మోకాళ్లు మొరాయిస్తే గుండెను ఎలా పరీక్షిస్తారు?

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో అయితే 2,388. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. అరవై దాటినవాళ్లు, బీపీ, షుగరు, ఉబ్బసం, కీళ్ల జబ్బులు ఉన్నవాళ్లు కాలినడకన రావద్దని టీటీడీ చెబుతూనే ఉంటుంది. మొక్కుకున్నవాళ్లు ఎక్కుతూనే ఉంటారు. ఇంట్లో కూర్చున్నంతసేపు చడీచప్పుడు లేని గుండె గాలిగోపురం చేరేలోపు ఛాతీలో బరువు పెట్టి, దవడ లాగి, తన సంగతి బయటపెట్టుకోవడం ఈ దారిలో వింత కాదు.

గుండె రక్తనాళాల జబ్బుకు ఉన్న పెద్ద చిక్కే ఇది. విశ్రాంతిలో అది దొరకదు. ఈసీజీ బాగుంటుంది, ఎకో బాగుంటుంది, మనిషి నవ్వుతూ మాట్లాడుతుంటాడు. పని పెడితేనే తెలుస్తుంది. మరి పని పెట్టడానికి కాళ్లు లేకపోతే? మోకాళ్లు అరిగినవాళ్లు, పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్లు, షుగరు పుండుతో పాదం పోగొట్టుకున్నవాళ్లు ట్రెడ్‌మిల్ మీద రెండు నిమిషాలు కూడా నిలవలేరు. గుండె జబ్బు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఇలాంటివాళ్లలోనే. వాళ్ల కోసం వచ్చినవే సూదిమందుతో చేసే గుండె పరీక్షలు. తిరుపతిలో ఈ అవసరం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఎముకలు, కీళ్ల ఆపరేషన్లకు పేరుపడ్డ బర్డ్ ఆసుపత్రి, 1986లో ఎన్టీఆర్ శంకుస్థాపన చేయగా 1993లో మొదలైన స్విమ్స్, రెండూ టీటీడీ చలవే, రెండూ ఇరుగుపొరుగే. మోకాలి చిప్ప మార్పించుకోవడానికి ఒక గేటులోకి వెళ్లిన మనిషికి ముందు గుండె సంగతి తేల్చుకురమ్మంటే పక్క గేటులోకి వెళ్తాడు. చిత్తూరు వైపువాళ్లకైతే రాయవేలూరు సీఎంసీ దగ్గర.

పని పెడితేనే ఎందుకు తెలుస్తుంది? ఒంట్లో మిగతా కండరాలు ఊరికే ఉన్నప్పుడు రక్తంలోని ప్రాణవాయువులో కొద్ది భాగమే తీసుకుంటాయి. పని పెరిగితే అదే రక్తంలోంచి ఇంకాస్త పిండుకుంటాయి. గుండెకు ఆ వెసులుబాటు లేదు. విశ్రాంతిలోనే తనకు అందిన ప్రాణవాయువులో నూటికి డెబ్బై పాళ్లు తీసేసుకుంటుంది. ఇంకా కావాలంటే ఇంకా రక్తం రావాల్సిందే. గుండె కండరానికి మామూలుగా నిమిషానికి పావు లీటరు రక్తం అందుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె అవసరమైతే దాన్ని మూడు నాలుగు రెట్లు పెంచుకోగలదు. ఆ పెంచుకోగల శక్తి, అంటే నిల్వలో ఉన్న సత్తువ ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న.

1974లో లాన్స్ గౌల్డ్ అనే అమెరికన్ వైద్యుడు కుక్కల గుండె ధమనులను కొద్దికొద్దిగా నొక్కుతూ రక్తప్రవాహాన్ని కొలిచాడు. ధమని వ్యాసం 85 శాతం దాకా మూసుకుపోయినా విశ్రాంతిలో ప్రవాహం తగ్గలేదు. కానీ ప్రవాహాన్ని గరిష్ఠానికి పెంచి చూస్తే సగం మూసుకోకముందే తేడా మొదలైంది. ఇవాళ మనం చేయించుకునే పరీక్షలన్నీ ఈ సూత్రం మీదే నిలబడ్డాయి.

మన సీమ చెరువుల కింద సేద్యం చేసినవాళ్లకు ఇందులో వింతేమీ తోచదు. ఒక చెరువు, రెండు కాలువలు. ఒకటి శుభ్రంగా ఉంది, రెండోదాంట్లో మొదట్లోనే పూడిక. శుభ్రమైన కాలువ కింది రైతు మడవ కొంచెమే తీసి, కావలసినన్ని నీళ్లు పెట్టుకుంటాడు. పూడిక కాలువ కింది రైతు తన మడవలన్నీ పూర్తిగా తీసిపెట్టుకుని, అవే నీళ్లు ఎలాగో రాబట్టుకుంటాడు. గట్టు మీద నిలబడి చూసేవాడికి రెండు పొలాలూ ఒకేలా పచ్చగా కనిపిస్తాయి. ఇప్పుడు అందరి మడవలూ ఒక్కసారిగా బార్లా తీసేశామనుకోండి. మొదటి పొలానికి నీళ్లు నాలుగింతలవుతాయి. రెండో రైతుకు తీయడానికి మిగిలిన మడవ లేదు, ఎప్పుడో తీసేశాడు. పైగా చెరువు నీరంతా సులువైన దారి పడితే, అతనికి వచ్చే కాసిని కూడా తగ్గిపోవచ్చు. గుండెలో ఆ మడవలు పెద్ద ధమనుల చివర ఉండే సన్నటి రక్తనాళాలు. పెద్ద ధమనిలో పూడిక పెరిగేకొద్దీ అవి విప్పారుతూ దాన్ని కప్పిపెడుతూ వస్తాయి. వాటన్నిటినీ ఒకేసారి విప్పార్చే మందు ఇస్తే దాపరికం పోతుంది.

గమనించారా, ఇందులో గుండెకు పని పెట్టడం అనేదే లేదు. సూదితో గుండెను పరుగెత్తిస్తారనుకుని భయపడేవాళ్లు చాలామంది. నాళాలను ఇలా విప్పార్చే అడినోసిన్ రకం మందుల విషయంలో ఆ భయం సగానికి సగం అనవసరం. గుండె వేగం కాస్త పెరుగుతుంది, బీపీ కాస్త తగ్గుతుంది, అంతే. పరుగెత్తించే మందు వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

అడినోసిన్ బయటి పదార్థం కాదు, మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. దాని కథలో ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకుని, 1922లో బోస్టన్‌లో దిగిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో తయారుచేశాడు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఆ ఇద్దరి పేరుతోనే ఇప్పటికీ దాన్ని నేర్చుకుంటారు. ఆ కొలమానం చేతిలో ఉండబట్టే కండరంలో శక్తి ఏ రూపంలో ఉంటుందో వెతకగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఒక అడినోసిన్ మీద మూడు ఫాస్ఫేట్లు ఎక్కి కూర్చుంటే ఏటీపీ. గుండె ప్రతి దెబ్బకూ ఖర్చుపెట్టేది దాన్నే.

1929లోనే కేంబ్రిడ్జిలో అలన్ డ్రూరీ, ఆల్బర్ట్ సెంట్‌జార్జీ గుండె కండరం నుంచి తీసిన ఒక సారాన్ని జంతువుల రక్తంలోకి ఎక్కించారు. గుండె నెమ్మదించింది, గుండె ధమనులు విప్పారాయి. ఆ సారంలో పనిచేసింది అడినోసిన్ సమ్మేళనమని తేల్చారు. అట్లాంటిక్‌కు అటొకరూ ఇటొకరూ ఒకే ఏడాది ఒకే అణువుకు రెండు చివరలు పట్టుకున్నారు. ఒకరికి అది శక్తి నాణెం, ఇంకొకరికి రక్తనాళాలను తెరిచే సంకేతం. ఆ రెండూ ఎలా కలుస్తాయన్నది 1963లో రాబర్ట్ బెర్న్ చెప్పాడు. ప్రాణవాయువు చాలనప్పుడు ఏటీపీ మీది ఫాస్ఫేట్లు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. చివరికి మిగిలిన బోడి అడినోసిన్ కణం దాటి బయటికొచ్చి, దగ్గరలోని రక్తనాళం గోడను తాకి, తెరుచుకోమంటుంది. గుండె తన ఆకలిని తానే చెప్పుకునే పద్ధతి ఇది. ఆ తర్వాతి పరిశోధనల్లో ఈ పని చేసేవి ఇంకా చాలా ఉన్నాయని తేలింది. మామూలు వ్యాయామంలో రక్తప్రవాహం పెరగడానికి అడినోసిన్ ఒక్కటే కారణం కాదు. కానీ బయటి నుంచి ఎక్కిస్తే నాళాలను దాదాపు పూర్తిగా విప్పార్చే శక్తి దానికుంది.

మొదట పరీక్షకు వాడినది మాత్రం అడినోసిన్‌ను కాదు, డైపిరిడమోల్‌ను. జర్మనీలోని బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీ దీన్ని 1959లో పర్శాంటిన్ పేరుతో గుండెనొప్పి మందుగా తెచ్చింది. కణాలు అడినోసిన్‌ను తిరిగి లోపలికి పీల్చుకోకుండా ఇది అడ్డుపడుతుంది. దాంతో ఒంట్లోని అడినోసిన్ పేరుకుని, గుండె ధమనులు విప్పారుతాయి. నొప్పి తగ్గాలి కదా? ఆశించినంత తగ్గలేదు. సూదిగా ఎక్కించినప్పుడైతే కొందరికి నొప్పి వచ్చింది కూడా. ఎందుకో పైన చెరువు దగ్గరే చూశాం: బాగున్న కాలువ నీళ్లు లాగేసుకుంది. గుండెనొప్పి మందుగా ఓడిపోయిన ఆ గుణాన్నే గౌల్డ్ పరీక్షకు పెట్టుబడి చేసుకున్నాడు. 1978 నాటికి డైపిరిడమోల్ ఎక్కించి, థాలియం అనే రేడియోధార్మిక పదార్థంతో గుండె చిత్రాలు తీసే పద్ధతిని ప్రచురించాడు. వైద్యంలో పనికిరాని మందు నిర్ధారణలో రాజ్యమేలడం ఇలాగే జరుగుతుంది. నన్నడిగితే మందుల చరిత్రలో ఇంత చక్కటి మలుపులు తక్కువ.

అమెరికాలో డైపిరిడమోల్ సూదికి 1990లో, ఈ పరీక్ష కోసం అడినోసిన్‌కు 1995లో అనుమతి వచ్చింది. అడినోసిన్‌కున్న గొప్ప సుగుణం దాని అల్పాయుష్షు. రక్తంలో దాని సగం పది సెకన్లలోపే మాయమైపోతుంది. అందుకే ఒక్క పోటు వేసి వదిలేయకుండా, పంపు పెట్టి కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున నాలుగు నుంచి ఆరు నిమిషాలు ఎక్కిస్తారు. అరవై కిలోల మనిషికి ఆరు నిమిషాల్లో 50 మిల్లీగ్రాములు పడుతుంది. ఆ కాసేపూ మొహం వేడెక్కుతుంది, గొంతు పట్టేసినట్టుంటుంది, ఆయాసం, తలనొప్పి, కడుపులో దేవినట్టు ఉండొచ్చు. ఛాతీ కూడా నొక్కవచ్చు. ఆ నొప్పి వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, గుండె బాగున్నవాళ్లకూ వస్తుంది. పంపు ఆపిన నిమిషం రెండు నిమిషాల్లో అన్నీ సర్దుకుంటాయి. ఈ మాట ముందే చెప్పి కూర్చోబెడితే రోగి సగం ధైర్యంగా ఉంటాడు. చాలాచోట్ల చెప్పరు, అదే బాధ.

రోగికి ముందురోజు చెప్పే జాగ్రత్తల్లో అందరికీ వింతగా తోచేది కాఫీ మానేయమనడం. పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల పాటు కాఫీ, టీ, కోలా, చాక్లెట్ ముట్టకూడదు. అడినోసిన్ వచ్చి కూర్చోవలసిన గ్రాహకాల మీద కెఫీన్ ముందే వచ్చి కూర్చుంటుంది. మెదడులో అలా కూర్చోబట్టే కాఫీ తాగితే నిద్ర రాదు: పగలంతా పేరుకున్న అడినోసిన్ 'ఇక పడుకో' అని చెప్పే మాట మెదడుకు వినపడదు. గుండె నాళాల్లోనూ అదే జరిగితే సూది పడ్డా మడవలు తెరుచుకోవు. చిత్రాల్లో లోపం కనిపించదు, జబ్బున్న మనిషికి ఏమీ లేదని చీటీ వస్తుంది. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ లేనిదే కళ్లు తెరవని చిత్తూరు ఇళ్లలో ఇది మామూలు త్యాగం కాదు. 'ఒక్క గుక్కే కదా' అని తాగి, అక్కడ అడిగితే తాగలేదని చెప్పేవాళ్లు తమకు తామే కీడు చేసుకుంటున్నారు. తాగితే తాగామని చెప్పాలి, పరీక్ష ఇంకో రోజుకు వాయిదా పడుతుంది, అంతకు మించి ఏమీ కాదు. సారిడాన్ లాంటి తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుందన్నది చాలామందికి తెలియదు. ఆయాసానికి వాడే డెరిఫిలిన్‌లో కెఫీన్‌కు దగ్గరి చుట్టం థియోఫిలిన్ ఉంటుంది. దాన్నీ డాక్టరు చెప్పినన్నాళ్లు ముందుగా ఆపాలి. ఆ కుటుంబంలోదే అమినోఫిలిన్. పరీక్షలో అవస్థ ఎక్కువైతే విరుగుడుగా నరంలోకి ఇచ్చేది దాన్నే.

అడినోసిన్‌కు ఒంట్లో నాలుగు రకాల గ్రాహకాలున్నాయి. రక్తనాళాలను విప్పార్చేది ఏ2ఏ. ఏ1 మీద కూర్చుంటే పై గదుల నుంచి కింది గదులకు వెళ్లే కరెంటు మందగించి, ఒక్కోసారి కాసేపు తెగిపోతుంది. అత్యవసర విభాగంలో ఒక రకం గుండె దడను ఆపడానికి ఇదే అడినోసిన్‌ను ఆరు మిల్లీగ్రాములు ఒక్క పోటున వేసేది ఈ గుణం కోసమే. మిగిలిన రెండింటి ద్వారా ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయని అంటారు. అందుకే పిల్లికూతలతో వచ్చినవాళ్లకు అడినోసిన్ గానీ డైపిరిడమోల్ గానీ ఇవ్వరు. ఏ2ఏను మాత్రమే ప్రధానంగా తట్టే మందు కోసం వెతికితే రెగాడినోసన్ వచ్చింది. 2008లో అమెరికా అనుమతించింది. బరువుతో పనిలేదు, పంపు అక్కర్లేదు, 0.4 మిల్లీగ్రాములు పది సెకన్లలో ఒక్క పోటు. అయినా అది పూర్తిగా నిరపాయం కాదు. రెగాడినోసన్, అడినోసిన్ మందుల తర్వాత అరుదుగా గుండెపోట్లు, మరణాలు జరిగాయని 2013లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. నొప్పి కుదుటపడని, గుండె పరిస్థితి నిలకడగా లేని రోగులకు వాడవద్దంది.

ఇక పరుగెత్తించే మందు డొబుటమీన్. 1975లో ఎలై లిల్లీ కంపెనీలో రోనాల్డ్ టటిల్, జాక్ మిల్స్ దీన్ని నీరసించిన గుండెకు బలం ఇవ్వడానికని రూపొందించారు. ఇది అడ్రినలిన్ తోవలో నడుస్తుంది. మూడేసి నిమిషాలకు ఒక మెట్టు చొప్పున మోతాదు పెంచుతూ, కిలో బరువుకు నిమిషానికి 5 మైక్రోగ్రాముల దగ్గర మొదలుపెట్టి 40 దాకా తీసుకెళ్తారు. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెలో 85 శాతానికి గుండె వేగం చేరాలి. చేరకపోతే కాస్త అట్రోపిన్ కలుపుతారు. ఇందులో గుండె నిజంగానే కష్టపడుతుంది. రక్తం చాలని భాగం గోడ సరిగా ముడుచుకోకపోవడాన్ని ఎకోలో కళ్లారా చూస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇదే దారి. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టరు చెబితే వాటిని ముందు ఆపాలి, సొంతంగా ఆపకూడదు. ఈ మందుకు విరుగుడు కూడా బీటా బ్లాకరే.

అడినోసిన్ ఇచ్చినప్పుడు గుండె గోడ కదలికలో పెద్ద మార్పు రాకపోవచ్చు, కాబట్టి రక్తం ఎటు ఎంత వెళ్లిందో చూడాలి. అందుకు న్యూక్లియర్ మెడిసిన్ కావాలి. స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది. మందు పనిచేస్తున్న నడిమధ్యన టెక్నీషియం కలిపిన ఒక పదార్థాన్ని నరంలోకి ఇస్తారు. అది రక్తంతో పాటు వెళ్లి, ఎక్కడ ప్రవాహం ఎక్కువుంటే అక్కడ ఎక్కువగా గుండె కణాల్లో చేరి, అక్కడే ఉండిపోతుంది. అందుకే చిత్రం ముప్పావుగంట, గంట తర్వాత తీసినా కనిపించేది సూది పడిన క్షణంలోని ప్రవాహమే. ఆ విరామంలో పాలు తాగమని, టిఫిన్ తినమని అంటారు. ఆతిథ్యమనుకోకండి, కాలేయంలో పేరుకున్న మందు గుండె చిత్రానికి అడ్డం రాకుండా దిగిపోవడానికి. విశ్రాంతిలో ఇంకో చిత్రం తీసి రెండూ పక్కపక్కన పెడతారు. విశ్రాంతిలో నిండుగా ఉండి, మందు తర్వాత వెలవెలబోయిన భాగం పూడిక ధమని కిందిది. రెండింట్లోనూ ఖాళీగా ఉంటే అక్కడ కండరం ఎప్పుడో చనిపోయి మచ్చ కట్టింది. టెక్నీషియం రేడియోధార్మికత ఆరు గంటలకు సగమవుతుంది. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు ఉంటే ఆ ఒక్క రోజుకు ఏం చేయాలో అక్కడే చెబుతారు. ఈ పరీక్షను జనం ఇంకా థాలియం టెస్టనే అంటారు, థాలియం వాడకం బాగా తగ్గిపోయినా.

పరీక్ష పొరపడే చోట్లు ఉన్నాయి. చిత్రాలు ఒక భాగాన్ని ఇంకో భాగంతో పోల్చి చూపిస్తాయి. మూడు ధమనులూ సమానంగా పూడిపోతే అన్ని భాగాలూ ఒకేలా వెలవెలబోయి, తేడా లేక, చిత్రం మామూలుగా కనిపించవచ్చు. అసలు జబ్బు ఎక్కువున్నవాళ్లే ఇలా తప్పించుకోవడం ఈ పద్ధతికున్న పెద్ద లోపం. మిల్లీలీటర్లలో ప్రవాహాన్ని కొలిచే పెట్ స్కాన్ దాన్ని పట్టుకుంటుంది కానీ గుండెకు అది చేసే కేంద్రాలు మన దేశంలో తక్కువ. లావుపాటి మనుషుల్లో, రొమ్ము అడ్డం వచ్చే ఆడవాళ్లలో లేని లోపం ఉన్నట్టు కనిపించడమూ ఉంది.

అందరికీ ఈ పరీక్ష అక్కర్లేదు కూడా. ఆపరేషన్‌కు ముందు ప్రతి ఒక్కరికీ చేయాలని ఏ మార్గదర్శకాలూ చెప్పవు. ఒకటి రెండు అంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా ఆపరేషన్‌కు నేరుగా వెళ్లవచ్చు. మోకాలి నొప్పితో అసలు ఎక్కలేని మనిషి దగ్గరే సందేహం వస్తుంది. అతను ఎక్కలేనిది మోకాలి వల్లా గుండె వల్లా అని తేల్చడానికే ఈ సూది.

పరీక్షలో లోపం కనిపిస్తే వెంటనే స్టెంటు వేయాలా? 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనం ఈ ప్రశ్నకు కొంత జవాబిచ్చింది. మన దేశంతో సహా 37 దేశాల్లో, స్ట్రెస్ పరీక్షల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన లోపం ఉన్న 5,179 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి మందులతో పాటు యాంజియో, స్టెంటు లేదా బైపాస్, ఇంకో వర్గానికి ముందు మందులే. సగటున మూడేళ్ల పైచిలుకు చూస్తే చావుల్లో గానీ గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తరచూ నొప్పి వచ్చేవాళ్లకు మాత్రం స్టెంటు, బైపాస్‌లతో ఊరట ఎక్కువగా దొరికింది. ఎడమ ప్రధాన ధమనిలో పెద్ద పూడిక ఉన్నవాళ్లను, గుండె బాగా నీరసించినవాళ్లను, అప్పుడే గుండెపోటు వచ్చినవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. వాళ్ల లెక్క వేరు.